బైక్ హ్యాండిల్‌ను మీ ఒంటికి సరిపడేలా ఎలా సెట్ చేసుకోవాలి

"గంట సేపు నడిపితే అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయి, హ్యాండిల్ ఎత్తు పెంచాలా అన్నా?" ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. మెడ పట్టేస్తోందని ఒకరు, భుజాల మధ్య మంటగా ఉంటోందని ఒకరు, కుడి మణికట్టు ఒక్కటే లాగుతోందని ఇంకొకరు. అడిగినవాళ్లలో ఎక్కువమంది ముందే ఒక నిర్ణయానికి వచ్చేసి ఉంటారు, రైజర్ (హ్యాండిల్ కింద పెట్టి ఎత్తు పెంచే దిమ్మ) కొని హ్యాండిల్ పైకి లేపేస్తే అన్నీ సర్దుకుంటాయని. చాలాసార్లు ఆ అవసరమే రాదు. ఉన్న హ్యాండిల్‌నే కాస్త వదులు చేసి నాలుగైదు మిల్లీమీటర్లు అటో ఇటో తిప్పి, బ్రేక్, క్లచ్ లివర్లను చేతికి అనువైన కోణంలో పెట్టుకుంటే బాధ చాలావరకు అక్కడే తగ్గిపోతుంది. అందుకే ముందు డబ్బు ఖర్చు లేని పనులు చెప్పి, రైజర్ సంగతి చివర్లో చెప్తాను.

ఇదంతా ఒకే గొట్టంలా ఉండి, మధ్యలో క్లాంపులతో బిగించిన మామూలు హ్యాండిల్ ఉన్న బైకుల కోసం. స్పోర్ట్స్ బైకుల్లో షాకప్ గొట్టాలకు విడివిడిగా బిగించే క్లిప్-ఆన్‌ల గురించి కింద విడిగా రాశాను. స్కూటర్ హ్యాండిల్‌కు మామూలుగా ఇలాంటి సర్దుబాటు ఉండదు.

ముందు నొప్పి ఎక్కడో పట్టుకోండి

పానా పట్టుకునే ముందు ఈ పని చేయండి. ఎందుకంటే నొప్పి ఉన్న చోటును బట్టి మార్చాల్సింది మారిపోతుంది.

బ్రేక్ కోసం వేళ్లు చాచిన ప్రతిసారీ మణికట్టు పైభాగం గుంజుతోందంటే తేడా లివర్ కోణంలో ఉంది, హ్యాండిల్ ఎత్తులో కాదు. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతుంటే అరచేతి బయటి అంచు మీద బరువు పడుతోందని అర్థం, గ్రిప్పుల కోణం మీ చేతికి కుదరడం లేదు. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు మొద్దుబారుతుంటే మణికట్టు వంగి ఉండటమో, గ్రిప్పును పిసికినట్టు గట్టిగా పట్టుకోవడమో, చాలాసార్లు రెండూనూ. మెడ వెనక, భుజాల మధ్య నొప్పికి మామూలుగా కారణం హ్యాండిల్ దూరంగానో కిందికో ఉండటం. ఇలాంటప్పుడు గమనించండి, మీ మోచేతులు వంపు లేకుండా కర్రల్లా బిగుసుకుపోయి ఉంటాయి.

నడుము కింది భాగంలో నొప్పి వేరే కథ. హ్యాండిల్ లేపితే అది తగ్గుతుందని అనుకుంటారు కానీ, వెన్ను మరీ నిటారుగా ఉంటే గుంతలో పడ్డ ప్రతి కుదుపూ నేరుగా నడుముకే తగులుతుంది. అంటే పెరిగే అవకాశమూ ఉంది. అలాంటివాళ్లు సీటు, వెనక షాకప్ సంగతి ముందు చూసుకోవాలి.

బండి దిగి చాలాసేపైనా తిమ్మిరి వదలకపోతే, రాత్రి నిద్రలో కూడా వస్తుంటే డాక్టరుకు చూపించుకోండి. అది హ్యాండిల్‌తో తీరేది కాదు.

కావలసినవి

- మీ బోల్టులకు సరిపోయే అలెన్ కీలు. హ్యాండిల్ క్లాంపులకు ఎక్కువగా 6 మిల్లీమీటర్లది, లివర్ క్లాంపులకు 5ది పడుతుంది. కొన్ని బండ్లకు 8, 10, 12 సైజు పానాలు కావాలి.
- టార్క్ రెంచ్, అంటే బోల్టును ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా. సొంతంగా లేకపోతే ఎవరినైనా అడిగి తెచ్చుకోండి, ఈ పనికి అది నిజంగా అవసరం.
- మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న టార్క్ అంకెలు, అంటే ఏ బోల్టును ఎన్ని న్యూటన్ మీటర్ల బలంతో బిగించాలో.
- మాస్కింగ్ టేపు, సన్నమొన మార్కర్, చిన్న స్కేలు.
- ట్యాంకు మీద పరచడానికి మందపాటి తువ్వాలు.
- బండి పట్టుకోవడానికి, పక్కనుంచి ఫొటో తీయడానికి ఒక మనిషి.

ఒకటిన్నర గంట చేతిలో పెట్టుకుని మొదలుపెట్టండి. మర్నాడు పొద్దున్నే దూర ప్రయాణం ఉందనగా ముందు రోజు రాత్రి ఈ పని పెట్టుకోవద్దు.

1. ఇప్పుడున్న స్థితిని గుర్తు పెట్టుకోండి

బండి సమతలంగా ఉన్న చోట డబుల్ స్టాండ్ వేసి, తాళంచెవి తీసేసి, ట్యాంకు మీద తువ్వాలు పరవండి. హ్యాండిల్‌ను ముందు నుంచి, రెండు పక్కల నుంచి, పైనుంచి ఫొటోలు తీయండి.

ఇప్పుడు క్లాంపు దగ్గరకు వంగి చూడండి. దుమ్మూ పాత నూనే పేరుకుని ఉంటుంది, గుడ్డతో తుడిస్తే హ్యాండిల్ గొట్టం మీద సూదితో పొడిచినంత చిన్న చుక్క ఒకటి చాలా బండ్లలో కనిపిస్తుంది. క్లాంపు పై ముక్క, కింది ముక్క కలిసే గీతకు అది సరిగ్గా ఎదురుగా ఉంటుంది. కంపెనీ పెట్టిన అసలు స్థానం అదే. అది కనిపించినా కనిపించకపోయినా, గొట్టం మీద కొంచెం, క్లాంపు మీద కొంచెం టేపు అంటించి రెండింటి మీదుగా ఒక గీత గీయండి. లివర్ల దగ్గర కూడా అంతే. ఈ గీతలు లేకపోతే ఎంత తిప్పారో మీకే తెలియదు, నచ్చకపోతే వెనక్కి రావడానికి దారి ఉండదు.

ఇంకో సంగతి చూడండి. పై క్లాంపుకూ కింది దానికీ మధ్య సందు ముందువైపు, వెనకవైపు సమానంగా ఉందా, లేక ముందు ఇనుము ఇనుముకు ఆనుకుని వెనక మాత్రమే సందు ఉందా? రాసి పెట్టుకోండి. ఆరో స్టెప్‌లో దీంతో పని ఉంది.

2. బండి మీద కూర్చుని చూసుకోండి

రోజూ నడిపేటప్పుడు వేసుకునే బూట్లు, జాకెట్, గ్లవ్స్ వేసుకునే కూర్చోండి, లుంగీలోనో షార్ట్‌లోనో కూర్చుని చూస్తే లెక్క తప్పుతుంది. సాయానికి వచ్చినవాళ్లు బండి కదలకుండా పట్టుకుంటే, రెండు కాళ్లూ ఫుట్‌రెస్ట్‌ల మీద పెట్టి, మోకాళ్లతో ట్యాంకును పట్టి, కళ్లు మూసుకుని చేతులు గాల్లోకి ఎత్తి సహజంగా ముందుకు దించండి. గ్రిప్పులు ఎక్కడున్నాయో వెతుక్కోకుండా చేతులు ఎక్కడ వాలితే అక్కడ ఆపి కళ్లు తెరవండి. చేతులకూ గ్రిప్పులకూ మధ్య ఉన్న తేడానే మీరు సరిచేయాల్సింది. రెండు మూడు సార్లు చేయండి, ఒక్కసారికే నమ్మొద్దు.

పక్కనుంచి తీసిన ఫొటోలో చూడాల్సినవి మూడే: మోచేతిలో కొంచెం వంపు ఉందా, భుజాలు చెవులవైపు లేచి ఉన్నాయా, ముంజేయి నుంచి వేళ్ల కణుపుల దాకా తిన్నగా ఉందా.

3. మొదట లివర్లు మాత్రమే మార్చి చూడండి

లివర్ క్లాంపు బోల్టులను పూర్తిగా తీయొద్దు, చేత్తో నెడితే కాస్త బిగుతుగా తిరిగేంత వదులు చేస్తే చాలు. సీటు మీద కూర్చుని, రెండు వేళ్లు లివర్ మీద చాచినప్పుడు మణికట్టు పైకీ కిందికీ వంగకుండా ఉండే చోట లివర్‌ను ఆపండి. సరైన కోణం ఇన్ని డిగ్రీలని ఎవరైనా చెప్తే పట్టించుకోవద్దు, అది మీ చేతుల పొడవు, మీరు కూర్చునే తీరును బట్టి ఉంటుంది.

బ్రేక్ వైపు రెండు జాగ్రత్తలు. బ్రేక్ ఆయిల్ డబ్బా లివర్‌తో పాటే తిరుగుతుంది కాబట్టి అది మరీ పక్కకు ఒరిగిపోకూడదు, ఒరిగితే లోపలికి గాలి పోయే ప్రమాదం ఉంది. హోస్ (బ్రేక్ ఆయిల్ వెళ్లే గొట్టం) బిగించి ఉన్న బోల్టును మాత్రం ముట్టుకోవద్దు. ఆ ఆయిల్ చుక్క ట్యాంకు మీద పడితే పెయింట్ లేచిపోతుంది, తువ్వాలు పరవమన్నది అందుకే. పడితే వెంటనే నీళ్లతో కడిగేయండి.

బిగించేటప్పుడు, బ్రేక్ క్లాంపు మీద ఇంగ్లీషులో ‘అప్’ అనో పైకి చూపే బాణం గుర్తో ఉంటే అది పైవైపే ఉండాలి. అలాంటి క్లాంపుల్లో మామూలుగా పై బోల్టు ముందు పూర్తిగా బిగించి తర్వాత కిందిది బిగిస్తారు, సందు కిందనే మిగులుతుంది. ఇవి చిన్న బోల్టులు, చాలా బండ్లలో 10 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లోనే బిగిస్తారు.

స్విచ్‌ల డబ్బాను మాత్రం తిప్పాలని చూడకండి. చాలా బైకుల్లో దాని లోపల చిన్న మేకులాంటి పిన్ను ఉండి హ్యాండిల్‌కు వేసిన రంధ్రంలో కూర్చుంటుంది. బలవంతంగా తిప్పి బిగిస్తే ప్లాస్టిక్ పగులుతుంది.

మీ బ్రేక్ లివర్ దగ్గర 1, 2, 3, 4 అంకెలున్న చిన్న చక్రం ఉంటే అది లివర్ దూరం మార్చడానికి. చిన్న చేతులున్నవాళ్లకు ఈ ఒక్క చక్రమే ఎంతో మేలు చేస్తుంది, చాలామంది ఏళ్ల తరబడి దాన్ని ముట్టుకోనే ముట్టుకోరు.

ఇక్కడితో ఆగి రెండు మూడు రోజులు నడపండి. హాయిగా ఉంటే మిగతా పని అక్కర్లేదు.

4. హ్యాండిల్ క్లాంపులు వదులు చేయండి

బోల్టుల మీద ప్లాస్టిక్ మూతలుంటే సన్నటి మొనతో మెల్లగా లేపండి. అలెన్ కీని తల లోపల పూర్తిగా దిగేలా పెట్టి తిప్పాలి, లోపల మట్టి ఉంటే ముందు గీకి తీసేయండి, లేకపోతే గాడి అరిగిపోయి బోల్టు తీయడమే పెద్ద పని అవుతుంది. నాలుగు బోల్టులనూ ఒక్కో అరచుట్టు వంతుల వారీగా వదులు చేయండి. హ్యాండిల్ ముందుకో ట్యాంకు మీదికో ధబీమని పడకుండా ఒక చెయ్యి దాని మీద ఉండాలి.

మధ్యలో కనిపించే పెద్ద నట్టు జోలికి వెళ్లొద్దు. అది స్టీరింగ్ బేరింగులకు సంబంధించింది.

5. కొంచెం కొంచెంగా తిప్పండి

హ్యాండిల్‌ను మీవైపు తిప్పితే గ్రిప్పులు దగ్గరకు వస్తాయి, కానీ దాంతోపాటు కిందికీ దిగుతాయి, చివరలు నేలచూపు చూస్తాయి. ముందుకు తిప్పితే పైకి లేస్తాయి, దూరమవుతాయి. ఎత్తు ఒక్కటే, దూరం ఒక్కటే విడిగా మారదు. ఈ సంగతి తెలియక చాలామంది దగ్గరకు కావాలని వెనక్కి లాగేసి, రెండు రోజులకే మణికట్లు బయటివైపు విరిచినట్టు నొప్పెడుతున్నాయని మళ్లీ అడుగుతారు.

టేపు మీద గీసిన గీత దగ్గర 2 మిల్లీమీటర్లు తిప్పండి. చూడ్డానికి ఏమీ కాదనిపిస్తుంది కానీ, సన్నని గొట్టం మీద 2 మిల్లీమీటర్లంటే గ్రిప్పు దగ్గర అది సెంటీమీటరు దాటుతుంది. కూర్చుని, కళ్లు మూసి, రెండో స్టెప్ మళ్లీ చేయండి. చాలకపోతే ఇంకో 2. మొత్తం మీద 5 మిల్లీమీటర్లు దాటాల్సి వస్తోందంటే మీకు కావలసింది తిప్పడం కాదు, వేరే వంపున్న హ్యాండిలో, రైజరో.

హ్యాండిల్ పక్కకు జరగకుండా కూడా చూసుకోండి. క్లాంపు అంచు నుంచి రెండు వైపులా స్కేలుతో కొలిచి సమానంగా పెట్టండి.

6. సరైన వరుసలో బిగించండి

క్లాంపు లోపల, గొట్టం మీద దుమ్ము తుడిచి పొడిగా ఉంచండి. అక్కడ గ్రీజు, నూనె పూయకూడదు.

ముందు సందు లేకుండా ఉన్న రకమైతే ముందు బోల్టులు పూర్తిగా బిగించాక వెనకవి. రెండు వైపులా సమానమైన సందు ఉన్న రకమైతే ఎదురెదురు మూలలవి వంతుల వారీగా కొంచెం కొంచెం బిగిస్తూ సందు సమానంగా ఉంచాలి. క్లాంపు మీద చుక్కో బాణమో ఉంటే ముందువైపు ఉండాలి. మాన్యువల్ ఇంకోలా చెప్తే మాన్యువల్ మాటే వినండి.

8 మిల్లీమీటర్ల మందం బోల్టులున్న బండ్లలో ఈ టార్క్ మామూలుగా 20 నుంచి 28 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ బండి అంకె ఏదో చూసుకుని అంతే పెట్టండి. టార్క్ రెంచ్ దొరక్క చేత్తోనే బిగించాల్సి వస్తే మామూలు అలెన్ కీతోనే బిగించండి, దానికి పైపు తగిలించొద్దు. కింది క్లాంపు అల్యూమినియం అయితే మర పోవడానికి ఎంతోసేపు పట్టదు. మర్నాడే వర్క్‌షాప్‌లో టార్క్ చూపించుకోండి.

బిగించాక బండి ముందు నిలబడి, ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని, గ్రిప్పులను కిందికి, వెనక్కి గట్టిగా నొక్కి చూడండి. టేపు గీతలు వెంట్రుకవాసి కదిలినా మళ్లీ మొదలుపెట్టాలి.

7. లివర్లు మళ్లీ, ఆపైన కేబుళ్లు

హ్యాండిల్ తిరిగితే దాని మీద ఉన్నవన్నీ తిరుగుతాయి. కాబట్టి మూడో స్టెప్ ఇంకోసారి.

తర్వాత యాక్సిలరేటర్ గ్రిప్పును మెల్లగా తిప్పితే, కేబుల్ లాగడం మొదలయ్యే ముందు 2 నుంచి 6 మిల్లీమీటర్ల ఖాళీ ఆట ఉండాలి. వదిలేస్తే ఠక్కున వెనక్కి రావాలి. క్లచ్ లివర్ చివర ఖాళీ ఆట చాలా బండ్లలో 10 నుంచి 20 మిల్లీమీటర్లు. తక్కువైతే క్లచ్ జారుతుంది, ఎక్కువైతే గేర్లు ఇబ్బంది పెడతాయి.

8. హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి

మిగతావన్నీ హడావిడిగా చేసినా ఇది మాత్రం నిదానంగా చేయండి. నేను మొదటిసారి హ్యాండిల్ లేపినప్పుడు చేసిన తప్పు ఇక్కడే. 30 మిల్లీమీటర్ల రైజర్ వేసి, ఇంటి ముందు స్టార్ట్ చేసి చూస్తే ఐడ్లింగ్ చక్కగా ఉంది, అంతా బాగుందనుకున్నాను. సందు చివర యూ టర్న్ కోసం హ్యాండిల్ ఎడమకు పూర్తిగా తిప్పాను. నేను యాక్సిలరేటర్ ముట్టుకోకుండానే ఇంజిన్ ఒక్కసారిగా రెయ్యిమంది, బండి ముందుకు దూకింది. క్లచ్ పట్టుకోవడం వల్ల గోడకు మూరెడు దూరంలో ఆగాను. హ్యాండిల్ తిరిగినప్పుడు కేబుల్ చాలక బిగుసుకుని దానంతటదే లాగింది, అంతే. నిలబడి ఒక్క నిమిషం చూసుంటే తెలిసిపోయేది.

గాలి ఆడే చోట, న్యూట్రల్‌లో ఇంజిన్ ఆన్ చేసి హ్యాండిల్‌ను మెల్లగా ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పండి. శబ్దం ఏమాత్రం పెరగకూడదు, తగ్గకూడదు. ఇంజిన్ ఆపి మళ్లీ తిప్పుతూ వీటిని ఒక్కొక్కటిగా చూడండి:

- బ్రేక్ హోస్, క్లచ్ కేబుల్, వైర్ల కట్ట ఎక్కడా బిగుసుకోకూడదు, ఫ్రేముకూ స్టీరింగ్‌కూ మధ్య నలగకూడదు. ముందు చక్రం గాల్లోకి లేపి, షాకప్‌లు పూర్తిగా సాగినప్పుడు కూడా హోస్ వదులుగానే ఉండాలి.
- బొటనవేలు ట్యాంకుకూ గ్రిప్పుకూ మధ్య నలగకుండా చోటుండాలి. గ్లవ్స్ వేసుకుని చూడండి.
- లివర్లు, అద్దాలు ట్యాంకుకు, ముందు అద్దానికి, ముందుభాగం ప్లాస్టిక్ తొడుగైన ఫెయిరింగ్‌కు తగలకూడదు.
- బ్రేక్ పట్టగానే వెనక లైటు వెలగాలి. హార్న్, ఇండికేటర్, క్లచ్ పట్టినప్పుడు స్టార్టర్ పనిచేయాలి.

ఒక్కటి తేడాగా ఉన్నా బండి రోడ్డెక్కకూడదు. "కాస్తే కదా బిగుసుకుంది" అని సర్దిచెప్పుకోవద్దు.

రైజర్ ఎప్పుడు వేయాలి

లివర్లు సరిచేసి, హ్యాండిల్ తిప్పి చూశాక కూడా మోచేతులు బిగుసుకునే ఉంటే, లేదా పొడుగుగా ఉండి మెడ వంచి నడపాల్సి వస్తుంటే అప్పుడు వేయండి. మీ గొట్టం మందం కొలిచి కొనాలి, చాలా బండ్లలో క్లాంపు దగ్గర 22 మిల్లీమీటర్లు ఉంటుంది, లావు రకాల్లో 28.6. అన్నిటికంటే తక్కువ ఎత్తుదానితో మొదలుపెట్టండి. రైజర్‌తో ఇచ్చిన బోల్టులు పాత మరలోకి సరిపడా లోతుకు దిగుతున్నాయో లేదో చూడండి, రెండు మూడు చుట్లకే ఆగిపోతే వాడొద్దు. కేబుళ్లు చాలకపోతే పొడవు కేబుళ్లు వేయాలి. బ్రేక్ హోస్ చాలకపోతే, ముఖ్యంగా ఏబీఎస్ ఉంటే, అది ఇంట్లో చేసే పని కాదు, బ్రేక్ హోస్ లోపలి గాలి తీయడం తెలిసిన మెకానిక్‌కు అప్పగించండి.

క్లిప్-ఆన్ ఉన్నవాళ్లకు చోటు తక్కువ. కొన్నిట్లో బోల్టు వదులు చేస్తే నాలుగైదు డిగ్రీలు తిరుగుతుంది, కొన్నిట్లో పిన్ను పెట్టి కదలకుండా చేస్తారు, ఆ పిన్నును కోసేయొద్దు. వాళ్లు లివర్ కోణం మీద, మోకాళ్లతో ట్యాంకు పట్టి చేతుల మీద బరువు తగ్గించుకోవడం మీద దృష్టి పెడితే ఎక్కువ ఫలితం ఉంటుంది.

ఎక్కువగా చూసే పొరపాట్లు

ఒకే రోజు హ్యాండిల్, లివర్లు, సీటు అన్నీ మార్చేస్తారు, తర్వాత ఏది మేలు చేసిందో, ఏది చెరిపిందో తేలదు. రెండు లివర్లూ ఒకేలా కనిపించాలని కొలిచి పెడతారు, మీ కుడి చెయ్యి యాక్సిలరేటర్ తిప్పుతుంది, ఎడమది తిప్పదు, కాబట్టి రెండింటి మధ్య కొంచెం తేడా ఉన్నా తప్పు లేదు. ఇంకొకటి, బండి పడ్డాక హ్యాండిల్ వంకరగా కనిపిస్తే క్లాంపులు తిప్పి సరిచేయాలని చూస్తారు. అప్పుడు వంగింది గొట్టమో, కింద రబ్బరు బుష్షో, షాకప్‌లు మెలిపడ్డాయో ముందు తేల్చుకోవాలి. వంగిన గొట్టాన్ని మళ్లీ వంచి తిన్నగా చేయొద్దు, మార్చేయండి. ఓసారి వంగిన చోట అది బలహీనపడుతుంది.

నడిపి చూడటం

అద్దాలు సరిచేసుకుని, ఖాళీ చోట నడక వేగంలో అటూ ఇటూ ఎనిమిది అంకెలా తిప్పి, రెండు మూడు సార్లు బ్రేక్ గట్టిగా వేసి చూడండి. బ్రేక్ వేసినప్పుడు హ్యాండిల్ ముందుకు కదిలినట్టు అనిపిస్తే వెంటనే ఆపి బోల్టులు చూడండి. తర్వాత రోజూ వెళ్లే దారిలోనే 15, 20 కిలోమీటర్లు వెళ్లండి. కొత్త దారి అయితే నొప్పి హ్యాండిల్ వల్లో రోడ్డు వల్లో తెలియదు. కొత్త స్థితికి ఒళ్లు అలవాటు పడటానికి మూడు నాలుగు రోజులు ఇవ్వండి, మొదటి రోజే మళ్లీ మార్చకండి.

సుమారు 100 కిలోమీటర్లు తిరిగాక అన్ని బోల్టుల టార్క్ ఇంకోసారి చూడండి. టేపు గీతలు అప్పటిదాకా తీయొద్దు, గీత తప్పిందంటే ఏదో జారుతోందని దూరం నుంచే కనిపిస్తుంది.